నడిసముద్రంలో తీరిక రోజు

జనవరి 8
జైలు, వడ్రంగి షెడ్డు

అక్కకి,

నేను బాగానే ఉన్నాను. దగ్గు ఉంది కానీ అది నాకంటే బాగా ఉంది.

నువ్వు నెల క్రితం రాసిన ఉత్తరం మొన్న చేతికొచ్చింది. ముందుగా వార్డరు తను చదివి, కొట్టెయ్యడానికి ఒక్క ముక్క దొరక్క బాధపడి, నాకిచ్చాడు. నీ ఉత్తరాల్లో ఏముంటుంది కొట్టెయ్యడానికి? నువ్వు క్షేమం, పెద్దావిడ క్షేమం, ఓడ క్షేమం. ఆరేళ్ళుగా ఆ పెద్దావిడకి పుస్తకాలు చదివి పెడుతూ ఓడల్లో తిరుగుతున్నదానివి, మూడు ముక్కల్లో ముగిస్తావేమిటి? నాకైతే రాయడానికేమీ లేదు. ఇక్కడ నిన్నటికీ ఇవాళ్టికీ తేడా తెలియాలంటే క్యాలెండరు చూసుకోవాలి.

మా బారక్‌లోకి కొత్తగా ఒక లెక్కల మాస్టారు వచ్చాడు. ఏం చేసి వచ్చాడో అడగలేదు, ఇక్కడ అది మర్యాద కాదు. నాకు ఓడలో తిరిగే అక్క ఉందంటే ముందు నమ్మలేదు. తర్వాత, "ఏ రేవులోనూ ఆగని రోజు ఏం చేస్తారయ్యా అంతమందీ? చుట్టూ నీళ్ళు, బయటికి పోయే దారి లేదు. మనలాగే కదా!" అన్నాడు. నాకు ఒళ్ళు మండింది. మనలాగే ఎందుకవుతుంది? అందుకని నువ్వు ఒక్క పని చెయ్యి. రేవు తగలని రోజు ఒకటి పట్టుకుని, పొద్దున లేచిన దగ్గర్నించి జరిగినదంతా ఉన్నదున్నట్టు రాయి. ఆ మాస్టారి నోరు మూయించాలి.

ఇంకో సంగతి. ముందే రాస్తే నువ్వు మిగతాది చదవవని చివర్లో రాస్తున్నాను. జైల్లో పదహారేళ్ళు నిండాయి కాబట్టి విడుదల కమిటీకి నా కాగితాలు వెళ్తున్నాయి. ఏప్రిల్ పదిన కూర్చుంటారు. ఫారంలో ఒక గడి ఉంది. బయటికొచ్చాక ఎవరింట్లో ఉంటావు, ఆ బంధువు పేరు, చిరునామా. అది నిండితే సగం పని అయిపోయినట్టేనని గుమాస్తా చెప్పాడు. ఈసారి తప్పితే మళ్ళీ ఐదేళ్ళకి గానీ రాదు. నాకు నువ్వు తప్ప ఎవరూ లేరని నీకు తెలుసు. నీకు ఇల్లు లేదని నాకు తెలుసు. అది ఎవరి వల్లో ఇద్దరికీ తెలుసు. బలవంతమేం లేదు. ఆలోచించి రాయి.

నీ తమ్ముడు


జనవరి 30
ఓడ నుంచి

మొండి తమ్ముడికి ఆశీస్సులు.

చివరి పేరా దాకా ఆగి అడిగావు చూడు, దానికి నీ చెవి మెలిపెట్టాలి. రాసెయ్, నా పేరు రాసెయ్. ఏప్రిల్ మొదటి వారానికల్లా దిగిపోయి గది తీసుకుంటాను. చిరునామా తర్వాతి ఉత్తరంలో పంపిస్తాను. ఇందులో ఆలోచించడానికేముంది? పదహారేళ్ళుగా ఆలోచిస్తున్నది అదొక్కటే.

ఇక మీ మాస్టారి కోసం నిన్నటి రోజు.

రేవు లేని రోజున ఓడలో ఎవరికీ తొందరుండదు. తెల్లారేసరికి తలుపు కిందనుంచి ఆ రోజు ఏ గంటకి ఏమేం జరుగుతాయో అచ్చువేసిన కాగితం తోస్తారు. కానీ అంతకంటే ముందే లేచేవాళ్ళు కొందరుంటారు. వాళ్ళు పైడెక్కు మీద ఈతకొలను చుట్టూ వేసిన పడక కుర్చీల మీద తువ్వాళ్ళు పరిచి, అవి తమవే అన్నట్టు చేసి, హాయిగా టిఫినుకి పోతారు. పెద్ద తువ్వాళ్ళు, నీలం గీతలవి, మనిషిని తల నుంచి కాలి దాకా చుట్టేయొచ్చు, తడిస్తే ఒక్కొక్కటీ పసిబిడ్డంత బరువు. నిన్న ఇద్దరు పెద్దమనుషులు ఒకే కుర్చీ కోసం ఒకే తువ్వాలు చెరో చివరా పట్టుకుని లాగారు. అంచు పొడుగునా చిరిగింది. ఆ తర్వాత ఇద్దరూ సిగ్గుపడి ఒకే బల్ల దగ్గర కూర్చుని కాఫీ తాగారట.

పదకొండింటికి కప్పుల్లో వేడి సూప్ తెచ్చిస్తారు. టమాటాది. పడుకుని తాగుతారు కాబట్టి సగం ఒంటిమీద పోసుకుంటారు. సరిగ్గా పన్నెండింటికి కెప్టెన్ లౌడుస్పీకర్లో మాట్లాడతాడు. మనం ఎక్కడున్నాం, కింద నీళ్ళెంత లోతు, గాలి ఎటునుంచి. నిన్న, "అందరూ గడియారాలు ఒక గంట వెనక్కి తిప్పుకోండి" అన్నాడు. పడమటికి పోతుంటే అలా అప్పుడప్పుడూ రోజుకి ఇరవై ఐదు గంటలొస్తాయి. పెద్దావిడా నేనూ ఆ గంటని ఏం చేసుకోవాలో తెలియక ఇంకోసారి కాఫీ తాగాం.

మధ్యాహ్నం తంబోలా, ఆ పక్క హాల్లో డాన్సు పాఠాలు. డెబ్బై ఏళ్ళ ముసలాళ్ళు కూడా నేర్చుకుంటారు. నాలుగింటికి తెల్ల చేతితొడుగులు వేసుకున్న సర్వర్లు టీ, కేకు తెస్తారు. సాయంత్రమయ్యేసరికి అందరూ పెళ్ళికి వెళ్తున్నట్టు తయారవుతారు. మగవాళ్ళ చొక్కాలు గంజి పెట్టి నిలబడేలా ఉంటాయి. భోజనాల హాల్లో నాలుగు వందల తెల్ల రుమాళ్ళు, ఒక్కటీ మడత చెదరకుండా. తినడం అయ్యేసరికి ఒక్కటీ తెల్లగా ఉండదు.

సముద్రం నీలంగా, పెద్దగా ఉంది.

చాలా? మాస్టారు ఏమన్నాడో రాయి. దగ్గుకి వేడినీళ్ళు తాగు, బీడీ ముట్టకు.

అక్క


ఫిబ్రవరి 20
జైలు

అక్కా,

బారక్‌లో నువ్విప్పుడు పెద్ద రచయిత్రివి. ఉత్తరం నాలుగుసార్లు పైకి చదివించారు. తువ్వాలు చిరిగిన చోట ఒకడు కడుపు పట్టుకుని నవ్వాడు, వాడు రెండేళ్ళుగా ఎవరితోనూ మాట్లాడనివాడు. ఇరవై ఐదు గంటల రోజు గురించి మాత్రం అందరూ అయ్యో పాపం అన్నారు. ఇక్కడ ఆ ఎక్కువ గంట ఎవడికీ అక్కర్లేదు.

మాస్టారు నోరు మూయలేదు. "మీ అక్కగారు తువ్వాళ్ళ గురించి పది వాక్యాలు రాశారు, సముద్రం గురించి ఒక్కటి రాశారు" అన్నాడు. లెక్కలవాడి బుద్ధి ఎక్కడికి పోతుంది! రోజూ చూసే సముద్రం గురించి ఏం రాస్తుందయ్యా, నువ్వు ఈ గోడ గురించి రాస్తావా అన్నాను.

నీ పడక కుర్చీ ఒకటి షెడ్డులో చేశాను. తువ్వాలు కొలతనిబట్టి పొడుగు లెక్కగట్టాను. కాళ్ళెలా మడుస్తారో నువ్వు రాయలేదు, ఆరేళ్ళుగా దాని మీద పడుకుంటున్నదానివి ఆ మాత్రం చూడలేదా? నాకు తోచినట్టు చేశాను. సూపరింటెండెంటు గారు ముచ్చటపడి కూర్చున్నారు, కుర్చీ ఆయనతో సహా మడుచుకుంది. నవ్వలేక చచ్చాం.

అక్కా, ఫారం సంగతి. తొందరపడి దిగొద్దు. నీ ఉత్తరం చదివినప్పుడల్లా నాకు సంతోషం, ఆ వెంటనే పాతదంతా గుర్తొస్తుంది. ఆ రోజు మేస్త్రీ నన్ను బూతులు తిట్టాడని నేను సుత్తి ఎత్తకుండా ఉంటే ఆయన బతికుండేవాడు. హంతకుడి అక్కవని బావ నిన్ను గుమ్మంలోంచి బయటికి నెట్టేవాడు కాదు. నా వల్ల ఒకసారి ఇల్లు పోగొట్టుకున్నావు. ఇన్నాళ్ళకి నీకొక సుఖం దొరికింది. పెద్దావిడని మాత్రం ఎవరు చూసుకుంటారు? గడి సంగతి నేను చూసుకుంటాను.

తమ్ముడు


మార్చి 12
ఓడ నుంచి

ఒరేయ్ తమ్ముడూ,

గడి సంగతి నువ్వు చూసుకునేదేమిటి? నీ మనసులో ఏముందో నాకు తెలుసు. ఈ అక్క నన్ను పోషించగలదా, ఒంటరిది, ఇల్లూ వాకిలీ లేనిది, నేను పోయి దాని నెత్తిన కూర్చోవడమా అని నీ మొహమాటం. నీకలాంటి భయమేం వద్దు. నాకిక్కడ దొరల బతుకు. గుండ్రటి కిటికీ ఉన్న గది, మంచం మీదకే కాఫీ. పెద్దావిడ నన్ను కూతురిలా చూసుకుంటుంది. దిగిపోతానంటే కళ్ళనీళ్ళు పెట్టుకుంది, నా గది ఎప్పటికీ నాకే ఉంచుతానంది. ఇంత వదులుకుని వస్తున్నానంటే నాకెంత స్తోమత ఉందో నువ్వే ఆలోచించుకో.

గది కుదిరింది. ఓడలో నాకో స్నేహితురాలుంది, గడియారం చూడకుండానే టైము చెప్పేస్తుందని ఆమెనే గడియారం అని పిలుస్తాం. వాళ్ళ పిన్ని ఉండే మేడలోనే, మూడో అంతస్తు. జైలుకి రెండు బస్సుస్టాపుల దూరం. చిరునామా వెనక పేజీలో పెద్ద అక్షరాలతో రాశాను. చూసి ఫారంలో ఎక్కించు. ఏప్రిల్ మూడున దిగుతున్నాను. ఇక వాదించకు.

అక్క


ఏప్రిల్ 6
మూడో అంతస్తు గది

తమ్ముడూ,

వచ్చేశాను. ములాఖాత్‌కి అడిగాను, కమిటీ అయ్యేదాకా కొత్తవాళ్ళని రానివ్వరట. సరే, నాలుగు రోజులేగా.

నువ్వు ఇంటికి రాకముందే ఒక మాట చెప్పాలి. వచ్చాక నా చేతులు చూసి ఎలాగూ అడుగుతావు. పెద్దావిడ లేదురా. ఎప్పుడూ లేదు. నేను ఓడ అడుగున, నీటిమట్టానికి కింద, బట్టలుతికే గదిలో ఇస్త్రీ మర దగ్గర పని చేశాను. రెండు వేడి రోలర్లుంటాయి. ఒక పక్కనుంచి తడి దుప్పటి పెట్టాలి, రెండో పక్క నా స్నేహితురాలు గడియారం అందుకుని మడత పెడుతుంది. వేళ్ళు దగ్గరికి పోతే అంతే. మోచేతి దాకా నాకు మచ్చలే.

నువ్వు జైలుకెళ్ళిన కొత్తలో, అక్క ఎవరింట్లోనో బట్టలుతుకుతోందని తలుచుకుంటే నిద్రపట్టడం లేదని రాశావు. అప్పట్నించీ ఏదో ఒకటి కల్పించి రాస్తూనే ఉన్నాను. ఓడెక్కాక పెద్దావిడని పుట్టించాను. పుట్టించాక చంపబుద్ధి కాలేదు.

మరి ఆ రోజంతా ఎలా రాశానంటావా? అబద్ధం కాదు, అంతా జరిగిందే, కాకపోతే నేను అక్కడ లేను. కార్యక్రమాల కాగితం చొక్కా జేబుల్లో దొరుకుతుంది. ఎండ ఎంత కాసిందో తువ్వాళ్ళకంటిన క్రీము మరకలే చెబుతాయి. సూప్ టమాటాదో బఠాణీదో రుమాళ్ళు చెబుతాయి. చిరిగిన తువ్వాలు నా చేతికే వచ్చింది, గొడవ సంగతి గది ఊడ్చేవాడు చెప్పాడు. కుర్చీ కాళ్ళు మాత్రం ఉతకడానికి రావు కదా, అందుకే రాయలేకపోయాను. మీ మాస్టారు తెలివైనవాడు.

రేవులో ఆగిన రోజు ప్రయాణికులు ఊళ్ళోకి పోతారు, మాకు కాస్త ఊపిరి. రేవు లేని రోజే మా ప్రాణాల మీదికొచ్చేది. రెండు వేలమందీ తీరిగ్గా ఓడలోనే ఉంటారు. మనిషికి మూడు తువ్వాళ్ళు తడుపుతారు, మూడుసార్లు బట్టలు మారుస్తారు. కెప్టెన్ మాట మా గదిలోనూ వినిపిస్తుంది. గంట వెనక్కి అనగానే మేమంతా తిట్టుకునేవాళ్ళం. ఆ గంట మా పనిలో కలిసేది. సముద్రమంటావా, ఎక్కేటప్పుడూ దిగేటప్పుడూ చూశాను. రేవు దగ్గర నీళ్ళు మురిగ్గా ఉన్నాయి.

నన్ను తిట్టుకోకు. ఇది చెప్పింది నువ్వు జాలిపడాలని కాదు, నేనేదో స్వర్గం వదులుకుని వచ్చానని నువ్వు జీవితాంతం కుమిలిపోకూడదని. గదికి రెండు కిటికీలున్నాయి. ఒకటి నీ మంచం పక్కన వచ్చేలా సర్దాను. పరుపు ఎండబెట్టాను. కమిటీవాళ్ళు అడిగితే తలెత్తి జవాబు చెప్పు, నీ మామూలు మొండితనం చూపించకు.

అక్క


ఏప్రిల్ 11
జైలు

అక్కకి,

ఈ ఉత్తరం ఏ రేవులో నీ చేతికి అందుతుందో. దిగుతానని రాసినా చివరికి నా మాట తలుచుకుని ఆగిపోయి ఉంటావనే నా నమ్మకం. దిగి ఉన్నా ఓడవాళ్ళు దీన్ని నీకు పంపిస్తారు, చదివి వెంటనే వెనక్కి పో. నీ గది నీకే ఉంచుతానంది కదా ఆవిడ.

నిన్న కమిటీ అయిపోయింది. ఐదు నిమిషాలు పట్టింది. బంధువుల గడిలో నేను "ఎవరూ లేరు" అని రాశాను. పెద్దాయన కళ్ళజోడు పైకి జరిపి, "ఓడ నుంచి అక్క ఉత్తరాలు రాస్తోందని ఇక్కడుందే?" అన్నాడు. "వరసకి అక్కండీ, సొంత అక్క కాదు, ఎప్పుడో ఇరుగుపొరుగు, జాలిపడి రాస్తుంటుంది" అన్నాను. సరేనని ఆయన ఏదో రాసుకున్నాడు. ఎవరూ లేనివాణ్ణి బయటికి పంపలేమని చెప్పాడు. మర్యాదగానే చెప్పాడు.

కోప్పడకు. నేను బాగా ఆలోచించే చేశాను. నీ మార్చి ఉత్తరం చదివాక ఇంక ఆలోచించడానికి కూడా ఏం మిగల్లేదు. ఒకసారి నిన్ను రోడ్డుమీద పడేశాను, మళ్ళీ ఆ పని చేయలేను. నా జన్మలో చేసిన మంచి పని ఇదొక్కటే. ఈ ఐదేళ్ళూ నువ్వు అక్కడ కాళ్ళు బారజాపుకుని పడుకున్నావని తలుచుకుంటే నాకు చాలు. రాత్రి చాలా రోజుల తర్వాత దగ్గు లేకుండా నిద్రపోయాను.

తమ్ముడు


ఏప్రిల్ 19
మూడో అంతస్తు గది

తమ్ముడూ,

నీ ఉత్తరం ఓడకి పోయి ఉంటుంది. నాకింకా అందలేదు. నువ్వేం రాశావో తెలియదు, నువ్వేం చేశావో మాత్రం తెలిసింది.

కమిటీ కబురు కోసం పదహారో తారీఖు పొద్దున్నే గేటుకొచ్చాను. గుమాస్తా ఎవరి కోసమన్నాడు. మా తమ్ముడన్నాను. రిజిస్టరు తిప్పి, వేలు పెట్టి చూసి, "ఈయనకెవరూ లేరమ్మా" అన్నాడు.

"నేనున్నాను కదయ్యా, ఎదురుగా."

"మీరు వరసకి అక్కట. సొంత బంధువు కాదని ఆయనే చెప్పాడు, ఇక్కడ సంతకం ఉంది."

"మా ఇద్దరికీ ఒకటే ముక్కు, కావాలంటే పిలిచి చూడండి."

"ముక్కులు రిజిస్టర్లో రాయమమ్మా" అన్నాడు. పాపం, నవ్వుతూనే అన్నాడు. నేనూ నవ్వాను. బస్సులో కూర్చున్నాక ఏడుపొచ్చింది.

ఎందుకు చేశావురా ఇలాంటి పని? నన్ను కాదనడానికి నీకు నోరెలా వచ్చింది? అమ్మ పోయినప్పుడు నిన్ను ఎత్తుకుని తిరిగింది ఇరుగుపొరుగా? బావ నెట్టేసినప్పుడు నాకింత బాధ కలగలేదు. ఆయన పరాయివాడు.

నా ఆరో తారీఖు ఉత్తరం నీకు ముందే అంది ఉంటే ఇలా చేసేవాడివి కాదు. ఆ ఉత్తరం జనవరిలోనే రాయాల్సింది. నువ్వు ఒక రోజు రాయమంటే నేను వేరేవాళ్ళ రోజు తెచ్చి రాశాను. తప్పు నాదే, నాకు తెలుసు. అయినా నీ మీద కోపం పోవడం లేదు.

ఓడవాళ్ళు నన్ను మళ్ళీ తీసుకోరు. నా వయసువాళ్ళు తమంతట తాము దిగిపోతే అంతే, సంతకం పెట్టించుకునే పంపారు. కాబట్టి వెనక్కి పొమ్మని మాత్రం రాయకు.

అక్క


మే 2
జైలు

అక్కా,

నీ రెండు ఉత్తరాలూ నిన్న ఒకేసారి ఇచ్చారు. ముందు రెండోది చదివాను, అర్థం కాలేదు. తర్వాత మొదటిది చదివాను.

నీ చేతుల గురించే ఆలోచిస్తున్నాను. వెంటనే సూపరింటెండెంటు గారి దగ్గరికి పోయి సొంత అక్కేనండీ, అబద్ధం చెప్పాను అని మొదలుపెట్టబోయాను. ఆయన మంచివాడు, నన్ను ఆపాడు. "కమిటీ ముందు అబద్ధం చెప్పావని నేను రాసుకుంటే వచ్చే కమిటీకి నీ పేరే పోదు. ఇప్పుడు నువ్వేమన్నావో నాకు వినపడలేదు, పో" అన్నాడు. వచ్చేశాను. అలా నీ తమ్ముణ్ణి కాకుండా పోయాను.

ఇంకొకటి. రిజిస్టర్లో ఉన్న బంధువులకే ములాఖాత్, వాళ్ళకే ఉత్తరాలు. బంధువుల కొత్త పట్టీ ఈ నెల ఐదు నుంచి అమలు. నాది ఖాళీ. నీ ఉత్తరాలు అంతకుముందు వచ్చాయి కాబట్టి ఇచ్చారు, ఈ జవాబు కూడా అందుకే పంపనిస్తున్నారు. తర్వాత నీకు నేను రాయలేను. నువ్వు రాస్తే తిప్పి పంపుతారు.

మంచి పని చేశానని ఆ రాత్రి హాయిగా నిద్రపోయాను చూడు, అది తలుచుకుంటే నా మీద నాకే అసహ్యం వేస్తోంది. దగ్గు మళ్ళీ వచ్చింది. మాస్టారు పక్కనే కూర్చుని నా వీపు నిమురుతున్నాడు. కాగితం అయిపోతోంది. అక్కా, నువ్వు నా సొంత అక్కవి. వార్డరు ఈ వాక్యం కొట్టెయ్యకుండా ఉంటే బాగుండు.

నీ తమ్ముడు


జూన్ 14
మూడో అంతస్తు గది

తమ్ముడూ,

మే నెలలో రాసిన రెండూ తిరిగొచ్చాయి. కవరు మీద ఎర్ర సిరాతో "బంధువు కాదు" అని రాసి ఉంది. ఇదీ వస్తుంది. అయినా రాస్తున్నాను.

వార్డరు ఆ వాక్యం కొట్టెయ్యలేదు.

మేడ కింద ఇస్త్రీ దుకాణంలో పని దొరికింది. కిటికీ ఉంది, రోడ్డు కనిపిస్తుంది. ఆదివారం నాడు బస్సెక్కి మీ గోడ దాకా వచ్చి, చుట్టూ ఒకసారి నడిచి వెళ్తున్నాను. షెడ్డు ఎటువైపో తెలియదు. రంపం చప్పుడు వినిపిస్తుందేమోనని ఆగుతాను, ఆదివారం పని ఉండదని తర్వాత గుర్తొస్తుంది. ఆ ఒక్కరోజే నాకు సెలవు.

నీకు మందులిస్తున్నారో లేదో తెలియదు. తెలుసుకునే దారి లేదు. గేటు దగ్గర గుమాస్తా నన్ను చూస్తే తల దించుకుంటున్నాడు, అందుకని ఈమధ్య అటు పోవడం లేదు. ఆ దగ్గుతో నువ్వు ఐదేళ్ళు నెగ్గుకొస్తావా, అన్నాళ్ళు నా కాళ్ళు నిలుస్తాయా అని లెక్కేసుకుని, లెక్క తేలక మానేశాను. ఆశ లేదురా. ఉందని రాయలేను, కల్పించి రాసి చేసిన పాపం చాలు.

అయినా ఐదేళ్ళకి ఫారం వస్తుంది కదా. ఎవరింట్లో ఉంటావని అడుగుతారు. సొంత అక్క అని రాసుకో, వరసకి అక్క అని రాసుకో, పొరుగింటి ఆవిడ అని రాసుకో, నీ ఇష్టం. ఆ గడి మాత్రం ఖాళీగా వదలకు.

అక్క